సబ్ అవుట్ లేని ప్రీఆంప్‌కి రెల్ టీ/5ఎక్స్: మా హాల్లో ఎనిమిది నెలలు

"మీ ప్రీఆంప్‌కి సబ్ అవుట్ లేదు సార్. ముందు అది మార్చాలి, లేదంటే ఏవీ రిసీవర్‌కి వెళ్లిపోండి" అన్నాడు షాపులో కుర్రాడు. ప్రీఆంప్ అంటే ఏ పాట పెట్టె మోగాలో ఎంచుకుని వాల్యూమ్ తిప్పే పెట్టె, సబ్ అవుట్ అంటే సబ్‌వూఫర్‌కి విడిగా ఇచ్చే సాకెట్టు, ఏవీ రిసీవర్ అంటే సినిమాలకి వాడే ఆల్ ఇన్ వన్ ఆంప్. సబ్‌వూఫర్ (సబ్ అంటే ఇదే, కింది స్వరాలకి మాత్రమే విడిగా ఉండే స్పీకర్) కొందామని వెళ్లినవాణ్ణి, ప్రీఆంప్ ఖర్చు కూడా కలుపుకుని లెక్కలేసుకుంటూ మెట్లు దిగాను. ఆ షాపు పేరు ఎందుకులెండి, ఇదే మాట ఇంకో రెండు చోట్ల కూడా చెప్పారు. అది తప్పు మాట. ఎనిమిది నెలలుగా నా పాత ప్రీఆంప్ ఉన్నచోటే ఉంది, రెల్ టీ/5ఎక్స్ అనే సబ్ దాంతోనే మోగుతోంది, మధ్యలో కొత్త పెట్టె ఒక్కటీ రాలేదు. కాకపోతే ఆ స్థితికి వచ్చేలోపు నేను చేసిన పిచ్చి పనులున్నాయి, ఒక రాత్రి ఇంట్లో తిన్న చీవాట్లున్నాయి, కింద ఫ్లాట్ అంకుల్ మెట్లెక్కి రావడం ఉంది. అందుకని ఇది సబ్ గురించి సగం, దాన్ని తగిలించడం గురించి సగం.

ముందు నా సరంజామా. మల్కాజిగిరిలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, హాలు 14 అడుగులు పొడవు, 11 అడుగులు వెడల్పు, కింద స్లాబు, పైన స్లాబు, చుట్టూ ఇటుక గోడ. స్పీకర్లు కెఫ్ ఎల్ఎస్50 మెటా, స్టాండ్ల మీద. పవర్ ఆంప్ (ప్రీఆంప్ సిగ్నల్‌ని పెంచి స్పీకర్లని నడిపేది) మామూలు క్లాస్ ఏబీ రకం. ప్రీఆంప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, వయసులో మా అమ్మాయి కంటే పెద్దది. వెనక చూస్తే నాలుగు ఇన్‌పుట్లు, ఒక జత మెయిన్ అవుట్, ఒక జత టేప్ అవుట్. అంతే. దాని బ్రాండ్ చెప్తే మళ్లీ అదో గొడవ, ఇక్కడ అవసరం కూడా లేదు, ఎందుకంటే ఈ రకం వెనక ప్యానెల్ ఉన్న ప్రీఆంపులు ఊరినిండా ఉన్నాయి.

సబ్ ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ఎల్ఎస్50 మెటాలో వూఫర్ ఐదుంపావు అంగుళాలు. కంపెనీ లెక్క ప్రకారమే 79 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి) దాకా సమంగా పలికి, 47 దగ్గరికి వచ్చేసరికి 6 డెసిబెల్స్ పడిపోతుంది. గొంతుల్లో దీనికి సాటి లేదు, వయొలిన్, వీణ ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటాయి. కచేరీ రికార్డింగు పెట్టినప్పుడే తేడా తెలుస్తుంది. మృదంగానికి ఎడమ వైపు, బొంబాయి రవ్వ ముద్ద అంటించే వైపు ఉంటుంది చూడండి, ఆ దెబ్బ "ధోం" అని కిందికి జారాలి. నా స్పీకర్లలో అది "థప్" మని ఆగిపోయేది. చిన్నప్పుడు గుడిలో డోలు పక్కన నిలబడితే పొట్టలో తెలిసేది కదా, అందులో పదో వంతైనా కావాలి అనుకున్నాను. సినిమాలకి కాదు, పేలుళ్లకి కాదు. అందుకే భారీ సబ్‌ల జోలికి పోలేదు.

రెల్ బ్రిటన్ కంపెనీ, వేల్స్‌లో 1990లో మొదలైంది, చేసేదంతా సబ్‌లే. టీ/5ఎక్స్ వాళ్ల చిన్న మోడళ్లలో ఒకటి. మూసేసిన పెట్టె, పోర్టు లేదు, 8 అంగుళాల డ్రైవర్ నేల వైపు చూస్తూ ఉంటుంది, లోపల 125 వాట్ల క్లాస్ ఏబీ ఆంప్, బరువు దాదాపు 12 కిలోలు. ఒక్కడినే ఎత్తి అటూ ఇటూ మార్చుకోగలిగాను, ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ మొదటి నెలలో నేను దాన్ని ఎన్నిసార్లు మోశానో నా నడుముకి తెలుసు. పైన పెయింట్ మాత్రం అద్దంలా ఉంటుంది. మా ఇంట్లో దాని మీద పూలకుండీ పెడదామన్న ప్రతిపాదన ఇప్పటికీ సజీవంగానే ఉంది.

వెనక మూడు రకాల ఇన్‌పుట్లు ఉన్నాయి. ప్రీఆంప్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌కి ఆర్‌సీఏ (గుండ్రటి పిన్ను సాకెట్టు) లైన్ ఇన్‌పుట్ జత, సినిమా వాళ్లకి ఎల్ఎఫ్ఈ (సినిమా బేస్ ట్రాక్) ఒకటి, పవర్ ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ నుంచి వచ్చే హై లెవెల్ ఇన్‌పుట్ ఒకటి. ఈ మూడోదాని కోసం మెలితిప్పి బిగించే న్యూట్రిక్ స్పీకాన్ ప్లగ్గుతో 10 మీటర్ల కేబుల్ పెట్టెలోనే ఇస్తారు. ఆ కేబుల్‌ని నేను మొదట తీసి అటక మీద పడేశాను. నా దగ్గర ప్రీఆంప్ విడిగా ఉంది, దర్జాగా లైన్ లెవెల్లోనే ఇస్తాను, ఈ స్పీకర్ వైర్ల గోల ఎందుకు అని.

ఇక్కడే మొదటి తప్పు. మెయిన్ అవుట్ జతలో పవర్ ఆంప్ ఉంది. పక్కనే టేప్ అవుట్ ఖాళీగా ఉంది. అదీ అవుట్‌పుట్టే కదా అని సబ్ ఆర్‌సీఏలు తీసుకెళ్లి దాంట్లో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం, వాల్యూమ్ పదకొండు గంటల ముల్లు మీద పెట్టి, సబ్ గెయిన్ (దాని సొంత వాల్యూమ్) నెమ్మదిగా పెంచి సరిచేసుకున్నాను. అద్భుతం. ఇంత తేలికా అనుకున్నాను. రాత్రి పదకొండు దాటాక అందరూ పడుకున్నారని వాల్యూమ్ బాగా తగ్గించి ఒక పాట పెట్టాను. స్పీకర్లు గుసగుసలాడుతున్నాయి, సబ్ మాత్రం మధ్యాహ్నం ఎలా కొట్టిందో అలాగే కొడుతోంది. కంగారులో వాల్యూమ్ సున్నాకి తిప్పాను. ఇంకా దారుణం. పాట పోయింది, దడదడ ఒక్కటే మిగిలింది. "ఏవండీ, ఆపుతారా లేదా" అని లోపల్నుంచి ఒక కేక, బయట కాలింగ్ బెల్. తలుపు తీస్తే కింద ఫ్లాట్ అంకుల్. "ఏం బాబూ, ఈ టైములో పిండి రుబ్బుతున్నారా?"

విషయం ఏంటంటే, టేప్ అవుట్ అనేది వాల్యూమ్ కంట్రోల్ కంటే ముందు నుంచి తీసుకున్న సిగ్నల్. రికార్డింగ్ కోసం పెట్టినది కాబట్టి వాల్యూమ్ ఎటు తిప్పినా దాని మట్టం మారదు. కొన్నిట్లో రెక్ అవుట్ అని రాసి ఉంటుంది, అదీ ఇదే. సబ్ తీసుకోవాల్సింది వాల్యూమ్ తర్వాత వచ్చే అవుట్ నుంచే. మీ ప్రీఆంప్‌కి మెయిన్ అవుట్లు రెండు జతలుంటే అదృష్టవంతులు, ఒకటి పవర్ ఆంప్‌కి, రెండోది సబ్‌కి, కథ అయిపోయింది. చాలా ప్రీఆంపుల్లో ఆ రెండు జతలూ లోపల ఒకే తీగకి కలిసి ఉంటాయి, సబ్ అవుట్ అని రాయకపోయినా పనికి అడ్డం లేదు. ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల సాకెట్టు), ఆర్‌సీఏ రెండూ ఒకేసారి పనిచేసే ప్రీఆంప్ అయితే పవర్ ఆంప్‌కి ఎక్స్ఎల్ఆర్, సబ్‌కి ఆర్‌సీఏ ఇచ్చుకోవచ్చు. నాలాగా ఒక్క జతే ఉంటే వై స్ప్లిటర్. ఒకటి నుంచి రెండు చేసే చిన్న కేబుల్, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. కోఠి గుజరాతీ గల్లీలో అడుగడుగునా దొరుకుతుంది. షాపు కుర్రాడు నన్ను కొత్త ప్రీఆంప్ కొనమన్నది ఈ రెండు ముక్కల బదులు.

వై స్ప్లిటర్‌తో ఒక జాగ్రత్త. ఒకదాన్ని రెండుగా చీల్చొచ్చు, రెండింటిని ఒకటిగా కలపకూడదు. సబ్ ఎలాగూ మోనోనే కదా అని ప్రీఆంప్ ఎడమ, కుడి అవుట్లు రెండూ ఒక వై కేబుల్‌తో కలిపి సబ్‌లో గుచ్చేవాళ్లని చూశాను. అప్పుడు ఎడమ అవుట్ కుడి అవుట్‌లోకి, కుడిది ఎడమలోకి సిగ్నల్ తోసుకుంటూ ఉంటాయి, రెండూ ఒకదానికొకటి షార్ట్ అయినట్టే. పైగా మీ మెయిన్ స్పీకర్లు కూడా మోనో అయిపోతాయి. ఎడమ, కుడి విడివిడిగా సబ్‌కి ఇస్తే కలుపుకునే పని సబ్ లోపలే జరుగుతుంది. ఎల్ఎఫ్ఈ సాకెట్టు స్టీరియో వాళ్లకి కాదు, చాలా సబ్‌లలో అది క్రాస్ఓవర్ నాబ్‌ని (సబ్ ఏ స్వరం దాకా పలకాలో పెట్టేది) పట్టించుకోకుండా నేరుగా లోపలికి పోతుంది, గొంతులు కూడా సబ్‌లోంచి గొణుగుతాయి.

ట్యూబ్ ప్రీఆంప్ వాళ్లు ఇంకో మాట చూసుకోవాలి. స్ప్లిటర్ పెట్టగానే ప్రీఆంప్ ఒకేసారి రెండు లోడ్లు మొయ్యాలి. పవర్ ఆంప్ ఇన్‌పుట్ 47 వేల ఓంలు, సబ్ లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓంలు అనుకుంటే రెండూ కలిపి ఎనిమిది వేల పైచిలుకుకి దిగిపోతుంది. ప్రీఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి దాని లోపలి నిరోధం, ఓంలలో) దీంట్లో పదో వంతో ఇంకా తక్కువో ఉంటే భయం లేదు, నాది 600 ఓంలు కాబట్టి నిశ్చింత. ట్యూబ్ రకాల్లో అది రెండు మూడు వేలుండొచ్చు, పైగా అవుట్‌పుట్‌లో ఒక కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది, మరీ కింది స్వరాలని అది కొంత ఆపుతుంది. అది 1 మైక్రోఫారడ్ అనుకోండి, పవర్ ఆంప్ ఒక్కటే ఉన్నప్పుడు మూడున్నర హెర్ట్జ్ దగ్గర మొదలయ్యే కోత, సబ్ కూడా చేరాక 19 హెర్ట్జ్ దగ్గరికి ఎక్కి వస్తుంది. బేస్ కోసం సబ్ కొని, ఉన్న బేస్ కొంత పోగొట్టుకోవడమన్నమాట. వాళ్లకి నా సలహా ఒక్కటే, ఆ అటక మీద పడేసిన కేబుల్ కిందికి దించండి. దాని సంగతికి వస్తున్నా.

స్ప్లిటర్ పెట్టాక వాల్యూమ్ సమస్య పోయింది, హమ్ మొదలైంది. పాట లేనప్పుడు సబ్ లోంచి సన్నగా, కదలకుండా "ఊం" అని. రాత్రి పూట స్పష్టంగా వినిపించేది. ముందు కేబుల్ అనుకున్నాను, మార్చాను. సబ్‌దే లోపం అనుకుని డీలర్‌కి ఫోన్ చేయబోతూ, చివరి ప్రయత్నంగా ప్రీఆంప్‌కి వచ్చే కేబుళ్లు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను. డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి అందే సిగ్నల్‌గా మార్చే పెట్టె) పీకాను, హమ్ ఉంది. సెట్ టాప్ బాక్స్ పీకాను, టక్కున ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, వచ్చింది. బాక్స్ వెనక మేడ మీద నుంచి దిగే కేబుల్ టీవీ వైరు మాత్రం విప్పి చూశాను, ఆగిపోయింది. ఆ వైరు పై కవచం ఎక్కడో వీధిలో ఒక ఎర్త్‌కి తగిలి ఉంటుంది, మా ఆంపులు మా ఇంటి ఎర్త్‌కి, రెండింటి మధ్యా తేడా హమ్ అయి కూర్చుంది. నిజానికి అది సబ్ రాక ముందు నుంచే ఉండి ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, నా చిన్న స్పీకర్లు అంత కిందికి అంత మెల్లగా పలకలేవు, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. సబ్ వచ్చి ఇంట్లో దొంగని పట్టించింది.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. టీవీ నుంచి డాక్‌కి ఆప్టికల్ కేబుల్ వేసి, సెట్ టాప్ బాక్స్ ఆర్‌సీఏలు పీకేశాను. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురు, లోహం తగలదు, హమ్ రాదు. ఒక పెద్దమనిషి ప్లగ్గుకి మూడో పిన్ను కోసేయమని సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చేయకండి. హమ్ పోతుంది, దాంతోపాటు షాక్ కొట్టకుండా అడ్డుండేదీ పోతుంది.

ఇంత అయ్యాక, అటక మీది కేబుల్ ఎందుకు దించానంటే ఒట్టి కుతూహలం. రెల్ వాళ్లు మొదటి నుంచీ హై లెవెల్లోనే తగిలించమంటారు. మూడు తీగలు: ఎరుపు కుడి ప్లస్‌కి, పసుపు ఎడమ ప్లస్‌కి, నలుపు ఏదో ఒక మైనస్‌కి. స్పీకర్లకి వెళ్లే వైర్లు ఎక్కడ ఉన్నాయో అక్కడే, పవర్ ఆంప్ బైండింగ్ పోస్టులకి. నా స్పీకర్ వైర్లు బనానా ప్లగ్గులతో వెనక నుంచి గుచ్చి ఉన్నాయి, పోస్టు పక్కనున్న కన్నంలోకి ఈ సన్న తీగ దూర్చి మర బిగించాను. ఆంప్ ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకి చేయండి, తెగిన పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌ని తాకినా ఆంప్‌కి ప్రమాదం. తీగ చివర నలిపి మెలిపెట్టాక టార్చి వేసి చూశాను, ఎరుపు దాంట్లోంచి వెంట్రుకంత పోగు ఒకటి బయటికి నిక్కి ఉంది. గోళ్ల కత్తెరతో కోసేశాను.

స్పీకర్ టెర్మినల్స్ నుంచి తీసుకుంటే ఆంప్ మీద భారం పడుతుందేమో అని చాలామందికి టెన్షన్. పడదు. ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ లక్ష ఓంల పైమాట, 8 ఓంల స్పీకర్ పక్కన అది లెక్కలోకే రాదు. సబ్‌ని నడిపే కరెంటు సబ్ లోపలి ఆంప్‌దే, ఇక్కడ నుంచి తీసుకునేది సమాచారం మాత్రమే. అయితే క్లాస్ డీ ఆంపులు, బ్రిడ్జ్ చేసిన ఆంపులు (రెండు ఛానెళ్లు కలిపి ఒకటిగా నడిపేవి) ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. చాలావాటిలో మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అక్కడ కూడా సిగ్నల్ ఉంటుంది. నల్ల తీగ అక్కడ బిగిస్తే ఆంప్ పోవచ్చు. అలాంటి ఆంప్‌కి నల్ల తీగ ఛాసిస్ గ్రౌండ్‌కి వెళ్లాలి, ఎక్కడ బిగించాలో డీలర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

హై లెవెల్లో శబ్దం మారిందా? సబ్‌కి పవర్ ఆంప్ స్వభావం కూడా అబ్బుతుందని రెల్ వాళ్ల వాదన. మట్టం సమానంగా పెట్టి, రెండు వారాలు అటూ ఇటూ మార్చి విన్నాను. నాకు తేడా తెలియలేదు. తెలిసినవాళ్లుంటే వాళ్ల చెవులకి దండం. అయినా దాన్నే ఉంచేశాను, కారణాలు వేరే. ప్రీఆంప్ మీద అదనపు లోడు లేదు, స్ప్లిటర్ లేదు, 10 మీటర్ల కేబుల్ చేతిలో ఉంది కాబట్టి సబ్‌ని హాల్లో ఏ మూలకైనా పట్టుకెళ్లొచ్చు, పవర్ ఆంప్ పోలారిటీని (సిగ్నల్ ప్లస్, మైనస్‌లని) తిప్పేసే రకమైనా సబ్‌కీ అదే తిరిగిన సిగ్నల్ వెళ్తుంది. ప్రీఆంప్‌కి ఏం అవుట్లున్నాయి అన్న ప్రశ్నే ఇక లేదు.

తగిలించడం ఇంతటితో అయింది. పెట్టడం ఇంకా పెద్ద పని. రెల్ వాళ్లు మూలలో పెట్టమంటారు. పెట్టాను. బేస్ గిటార్‌లో ఒక్క స్వరం వచ్చినప్పుడు మాత్రం హాలంతా ఉబ్బిపోయేది, దాని పక్క స్వరాలు మామూలుగా ఉండేవి. షోకేసు అద్దం గలగల, అందులో ఏటికొప్పాక లక్క బొమ్మ ఒకటి రోజూ కొంచెం కొంచెం జరిగి అంచుకి చేరేది, మా అమ్మాయి దాన్ని రోజూ వెనక్కి నెట్టేది. ఆర్ఈడబ్ల్యూ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక స్నేహితుడి యూమిక్-1 మైకు తెచ్చి కొలిస్తే 40 హెర్ట్జ్ దగ్గర కొండలా లేచింది గీత. లెక్క చూస్తే అర్థమైంది. 14 అడుగులంటే 4.27 మీటర్లు, గాలిలో శబ్దం వేగం సెకనుకి 344 మీటర్లు, పొడవుకి రెట్టింపుతో భాగిస్తే దాదాపు 40. ఆ గది పొడవులోనే ఆ స్వరం ఉయ్యాల ఊగుతోంది. స్లాబూ ఇటుకా దాన్ని తాగేసేవి కావు, తిరిగి మన మొహాన కొడతాయి.

ఆ తర్వాత అందరూ చెప్పే చిట్కా, సబ్‌ని నేను కూర్చునే చోట సోఫా మీద పెట్టి, పాట మోగిస్తూ, నేను గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ ఎక్కడ బేస్ సమంగా ఉందో వెతకడం. మా అత్తయ్యగారు పండక్కి వచ్చి ఉన్నారు. కాఫీ గ్లాసుతో నిలబడి కాసేపు చూసి, "ఏం పడిపోయింది బాబూ, నేనూ వెతకనా?" అన్నారు. చెప్తే అర్థమయ్యే సంగతి కాదు, ఉంగరం అన్నాను. ఆవిడ కూడా కాసేపు వెతికారు పాపం.

చివరికి దొరికిన చోటు పొడవాటి గోడకి మధ్యకి కొంచెం ఇవతల, బీరువా దాటాక. అది కాకతాళీయం కాదు. గది పొడవులో ఊగే ఆ 40 హెర్ట్జ్‌కి సరిగ్గా సగం దూరంలో పట్టు ఉండదు, అక్కడ సబ్ పెడితే దాన్ని రెచ్చగొట్టదు. కొండ సగానికి పైగా తగ్గింది. మాన్యువల్ మూల అంది, మా గది కాదంది, గదే గెలిచింది. పెద్ద హాలు, గడ్డి కప్పు, చెక్క ఇల్లు ఉన్నవాళ్లకి మూలే బాగుండొచ్చు.

క్రాస్ఓవర్ నాబ్ 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా తిరుగుతుంది. నేను 55 దగ్గర ఆగాను. 80 దగ్గర పెడితే మగ గొంతుల కింది అంచు బీరువా వైపు నుంచి వచ్చేది, ఒకసారి పసిగట్టాక ఇక వినకుండా ఉండలేం. ఫేజ్ స్విచ్చికి (సబ్ కదలికని స్పీకర్ల కదలికతో కలిపేది) 0, 180 రెండే. నేను సోఫాలో, మా అమ్మాయి సబ్ వెనక. "ఇప్పుడా నాన్నా? ఇప్పుడా?" మృదంగం ఎడమ దెబ్బ ఏ స్థానంలో నిండుగా వస్తే అదే సరైనది, మా గదిలో 0. గెయిన్ మాత్రం నేను ఎంత చాలనుకుంటే దానికంటే ఒక పిసరు తగ్గించి ఉంచాను. సబ్ ఉందని తెలిస్తే ఎక్కువైనట్టు. ఆపేసినప్పుడే లోటు తెలియాలి.

సరిగ్గా అమరాక ఇది చేసే పని నేను అడిగినదే. మృదంగం ఎడమ వైపు ఇప్పుడు జారుతుంది, ఘటం మూతి పొట్టకి ఆనించి తీసినప్పుడు వచ్చే ఆ గాలి "బుం" వినిపిస్తుంది, తంబురా కింద షడ్జమం గదిలో నిలబడుతుంది. 80ల నాటి సినిమా పాటల్లో బేస్ గిటార్ వేళ్లు కదిలినట్టే తెలుస్తాయి, అంతకుముందు అక్కడ ఏదో ఉందని ఊహించుకునేవాణ్ణి. నేను ఎదురు చూడనిది ఇంకొకటి, హాలు పెద్దదైనట్టు అనిపించడం. లైవ్ రికార్డింగుల్లో సభ వెనక గోడ దూరం తెలుస్తుంది. దడదడ మాత్రం లేదు, అది కావాలంటే ఇది కాదు.

కాదంటే ఏది? దాదాపు ఇదే ధరల వరసలో ఎస్‌వీఎస్ ఎస్‌బీ-1000 ప్రో ఉంది, 12 అంగుళాల డ్రైవర్, 325 వాట్లు, ఫోన్ యాప్‌లో ఈక్వలైజర్. సోఫాలోంచి లేవకుండా నా 40 హెర్ట్జ్ కొండని యాప్‌లోనే కోసేసుకోవచ్చు. టీ/5ఎక్స్‌కి యాప్ లేదు, ఈక్వలైజర్ లేదు, ప్రతి మార్పుకీ వంగి వెనక చెయ్యి పెట్టాలి, అక్కడి అక్షరాలు నలభై దాటిన కళ్లకి కనపడవు. కంపెనీ లెక్కే 32 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ తక్కువ అంటుంది. సినిమాలు కూడా అదే హాల్లో చూసే ఇల్లయితే నేనే ఆ రెండోది కొనమంటాను. నాకు పెట్టె చిన్నదిగా ఉండాలి, మోయగలగాలి, స్పీకాన్ కేబుల్ ముఖ్యం.

కింద అంకుల్ సంగతి. డ్రైవర్ నేల వైపు చూస్తుంది కాబట్టి కంపనం స్లాబులోకి దిగుతుందని నా భయం. కిచెన్ పనిలో మిగిలిన గ్రానైట్ పలక ఒకటి, దాని కింద మందపాటి రబ్బరు మ్యాట్, ఆ పైన సబ్. షోకేసు తలుపులకి ఫెల్ట్ ముక్కలు. రాత్రి పదిన్నర తర్వాత సబ్ స్విచ్ ఆఫ్. పలక వేశాక అంకుల్ ఇంటికి వెళ్లి అక్కడ కూర్చుని, మా అమ్మాయి చేత పైన పాట పెట్టించి విన్నాను. కొంచెం వినిపిస్తుంది, గాలిలోంచి వచ్చే భాగం ఎటూ ఆగదు, కానీ నేలలోంచి వచ్చే గుబులు పోయింది. ఆంటీ టీ ఇచ్చారు. పాత పాటలుంటే ఆదివారం కొంచెం గట్టిగానే పెట్టమన్నారు.

ప్రీఆంప్, పవర్ ఆంప్ విడివిడిగా ఉన్నవాళ్లకి మాత్రమే చేతికందే ఆట ఒకటుంది, అది చెప్పి ముగిస్తా. ఇప్పటి నా అమరికలో మెయిన్ స్పీకర్లకి కూడా కింది స్వరాలన్నీ వెళ్తూనే ఉన్నాయి. వాటిని ఆపాలంటే ప్రీఆంప్‌కీ పవర్ ఆంప్‌కీ మధ్య వరసలో ఒక కెపాసిటర్ చాలు. పవర్ ఆంప్ ఇన్‌పుట్ 47 వేల ఓంలయితే 0.047 మైక్రోఫారడ్ దగ్గర దగ్గర 72 హెర్ట్జ్ నుంచి కోత మొదలుపెడుతుంది. గుజరాతీ గల్లీలో 473 అని అచ్చు వేసిన ఫిల్మ్ కెపాసిటర్లు రెండు తెచ్చి, ఆర్‌సీఏ ప్లగ్గుల లోపల టంకం పెట్టాను. గట్టిగా పెట్టినప్పుడు ఎల్ఎస్50 కోన్ ఊగడం కంటికి కనిపించేంత తగ్గింది, గొంతు ఇంకొంచెం తేటపడింది. కానీ మెలిక ఎక్కడంటే, హై లెవెల్లో తగిలించిన సబ్‌కి కూడా ఆ కోసేసిన సిగ్నలే వెళ్తుంది, ఎందుకంటే అది తీసుకునేది పవర్ ఆంప్ తర్వాత. అంటే మళ్లీ స్ప్లిటర్, మళ్లీ ఆర్‌సీఏ, సబ్‌కి కెపాసిటర్ కంటే ముందు నుంచి. ఫేజ్ కూడా మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి, కెపాసిటర్ దాన్ని జరుపుతుంది. నెల రోజులు అలా విని, నేను పెట్టే వాల్యూమ్‌కి ఇదంతా అక్కర్లేదని తీసేశాను. పెద్ద హాల్లో గట్టిగా వినేవాళ్లయితే చేసి చూడండి. ఆ రెండు ప్లగ్గులూ టీవీ కింద సొరుగులో ఉన్నాయి, మల్కాజిగిరి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తా.